ఆధారం లేని చర్చి

కొత్తరేవుపాలెం,
12 ఫిబ్రవరి 2007.

తమ్ముడు చిట్టిబాబుకు అక్క దానమ్మ దీవించి రాసేది.

ఫోను చెయ్యొచ్చు. చేస్తే నువ్వే మాట్లాడతావు. అందుకని ఉత్తరం.

మన పాస్టరు సొలొమోను గారి అమ్మాయి సత్యశ్రీ బందరులో డిగ్రీ చదువుతోంది కదా. నువ్వు ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం అయ్యాక సాయంత్రాలు ఊరికే పనిచేసే ఆ ఇంటర్నెట్టు విజ్ఞాన సర్వస్వం ఉందే, అందులో ఆ పిల్ల మన బేతేలు చర్చి మీద వ్యాసం రాసింది. పాస్టరు గారు ఆరాధనలో ప్రకటించారు. చప్పట్లు కొట్టాం. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా కొట్టాం.

పోయిన బుధవారం ఎవడో ఆ వ్యాసం నెత్తిన నోటీసు తగిలించాడు. ఈ చర్చికి చెప్పుకోదగ్గ ప్రాముఖ్యత ఉన్నట్టు ఆధారం లేదు, తొలగించాలి అని. అక్కడ మారుపేర్లతో రాస్తారట. వాడి పేరు ‘అచ్చుతప్పు’.

శుక్రవారం వాడి కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థన చేశాం. రాజ్యలక్ష్మి వదిన వాడి చెయ్యి ఎండిపోవాలని మొదలుపెట్టింది. నేను ఆపాను. చెయ్యి దాకా ఎందుకు, వాడింట్లో కరెంటు పోతే చాలు, దేవుడికీ తేలిక అన్నాను. అలాగే అడిగాం.

చర్చి గొప్ప నాకు అక్కర్లేదు. వ్యాసం చివర డెబ్భై ఏడు ఉప్పెనలో పోయిన మన సంఘం వాళ్ళ పేర్లు ఉన్నాయి. నలభై ఒకటి. సంఘం రిజిస్టరు కూడా ఆ నీళ్ళలోనే పోయింది. పేర్లు నేను చెబితే సత్యశ్రీ రాసింది. ఇంకెక్కడా లేవు. అమ్మ పేరు పదకొండోది. వ్యాసం పోతే అవీ పోతాయట.

వాడెవడో కనుక్కుని మాట్లాడు. మరదలు ఉషశ్రీని అడిగానని చెప్పు.

నీ అక్క
దానమ్మ


గవర్నర్‌పేట, విజయవాడ,
15 ఫిబ్రవరి 2007.

అక్కయ్యకు చిట్టిబాబు వందనాలు.

నీ ఉత్తరం చదివి మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివాను. పోయిన శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో కరెంటు పోయింది. వీధి మొత్తానికి ఉంది, మాకే లేదు. లైన్‌మన్ స్తంభం ఎక్కి దిగి, “ఏంటోనండీ, అన్నీ బానే ఉన్నాయి, మీ ఒక్క తీగే మాడిందండీ. ఎవురైనా దిష్టి పెట్టారేమో చూసుకోండి” అన్నాడు. ఆదివారం వచ్చిన కరెంటు వస్తూ వస్తూ కంప్యూటరు తెరను పట్టుకుపోయింది. ఇప్పుడు గంటకు పదిహేను రూపాయలిచ్చి నెట్ సెంటర్లో కూర్చుంటున్నాను. దీనికీ మీ ప్రార్థనకూ సంబంధం ఉందని నేను అనటం లేదు. ఎందుకు అంటాను? నాకేం సంబంధం?

ఆ అచ్చుతప్పు అనే ఆయన్ని మరీ అంత దుర్మార్గుడు అనుకోకు. అక్కడ నియమం అది. మీ చర్చి మంచిదా, మీ దేవుడు వింటాడా అని ఎవరూ అడగటం లేదు. చర్చితో ఏ సంబంధమూ లేని స్వతంత్రులు ఎవరైనా దాని గురించి ఎక్కడైనా అచ్చులో రాశారా, అంతే ప్రశ్న. గుణదల మేరీమాత గుడికి వ్యాసం ఉంది. ఎందుకూ? ఏటా ఉత్సవాలకి పేపర్లన్నీ పేజీలు నింపుతాయి కాబట్టి. మన చర్చి గురించి ఎవరు రాశారు చెప్పు? ఈ లెక్క లేకపోతే వన్ టౌన్‌లో ప్రతి టీ బంకూ తనకొక వ్యాసం కావాలంటుంది. వాటిలో కొన్నిటికి అర్హత ఉంది కూడా.

పేర్ల జాబితాదీ అదే సంగతి. అచ్చులో ఆధారం లేకపోతే ఉంచరు. చర్చ మార్చి మొదటి వారం దాకా సాగుతుంది. ఏ అచ్చు కాగితం ఉన్నా పంపు. స్వతంత్రులది కావాలి, గుర్తుపెట్టుకో.

ఎండు రొయ్యలు అయిపోయి నెల దాటింది. ఇది సూచన కాదు, సమాచారం.

నీ తమ్ముడు
చిట్టిబాబు


కొత్తరేవుపాలెం,
20 ఫిబ్రవరి 2007.

చిట్టిబాబుకు,

పార్సిలు పంపాను. అందులో ఉజ్జీవ సభల కరపత్రాలు తొమ్మిది, చర్చి బొమ్మ ఉన్న పెళ్ళి శుభలేఖలు నాలుగు, సండే స్కూలు పాటల పోటీలో సత్యశ్రీకి వచ్చిన మూడో బహుమతి పత్రం. పోటీకి వచ్చింది ముగ్గురే. అది పత్రంలో లేదు కనక చెప్పక్కర్లేదు.

స్వతంత్రుడు కావాలన్నావు. ఎరువుల కొట్టు రామకోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చర్చి గడప తొక్కలేదు. అప్పుడప్పుడు పేపరుకు వార్తలు కూడా పంపుతారు. అడగ్గానే కొట్టు కాగితం మీద రాసి ముద్ర కొట్టి ఇచ్చారు. “బేతేలు చర్చి గంట ఇరవై సంవత్సరములుగా ప్రతి ఆదివారము తెల్లవారుజామున నా నిద్ర చెడగొట్టుచున్నదని, ఎన్నిమార్లు మొరపెట్టుకున్నను సదరు గంట ఆగలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.” ఇంతకన్న స్వతంత్రుడు మన ఊళ్ళో లేడు.

గుణదలకి వ్యాసం ఉంటే సంతోషం. ఆ కొండకి ఎన్నో మెట్లు. మనకి ఎక్కడానికి ఒక్క రాతి మెట్టే.

రొయ్యలు పాత పేపర్లో చుట్టాను. తడి తగలనివ్వకు.

దానమ్మ


గవర్నర్‌పేట,
24 ఫిబ్రవరి 2007.

అక్కయ్యకు వందనాలు, వందనాలు, మరోసారి వందనాలు.

నువ్వు పంపిన కరపత్రాలు ఒక్కటీ పనికిరాదు. శుభలేఖలు అసలే కాదు. రామకోటేశ్వరరావు గారి ధ్రువపత్రం నెట్ సెంటర్లో అందరికీ చదివి వినిపించాను, నవ్వలేక ఓనరు కుర్చీలోంచి జారాడు. కానీ అచ్చు కాదు కాబట్టి చెల్లదు.

అయితే రొయ్యలు చుట్టిన కాగితం! ఉషశ్రీ పొట్లం విప్పి పారెయ్యబోతుంటే లాక్కున్నాను. అది డిసెంబరు 1992 జిల్లా పేజీ. “కొత్తరేవుపాలెం చర్చికి వందేళ్ళు. ఏడువందల మందికి విందు.” మధ్యలో నాన్న ఫోటో! మెడలో బంతిపూల దండ, కింద ‘సంఘ పెద్ద శ్రీ లాజరు’ అని. ద్వారం దగ్గరి రాయి మీద 1892 అని చెక్కి ఉందని కూడా రాశారు. నేనప్పుడు ఊళ్ళో లేను, ఇదంతా జరిగిందనే తెలియదు. నువ్వైనా చెప్పావా? పదిహేనేళ్ళలో ఒక్క ముక్క చెప్పలేదు!

అక్కా, వందేళ్ళు దాటిన చర్చి! ఉప్పెన కొట్టిన దివిసీమలో! ఇంకేం కావాలి? నిన్ననే చర్చలో పెట్టాను. వెంటనే నలుగురు ‘ఉంచాలి’ అన్నారు. కాగితం కొంచెం వాసనొస్తోంది గానీ ఆధారానికి వాసన అడ్డు కాదు. సత్యశ్రీతో ఆ రాయిని ఫోటో తీయించి పంపించు, పని పూర్తయినట్టే. అమ్మ పేరు ఎక్కడికీ పోదు.

నీ తమ్ముడు
చిట్టిబాబు


కొత్తరేవుపాలెం,
27 ఫిబ్రవరి 2007.

చిట్టిబాబుకు,

ఆ కాగితం తీసెయ్. రొయ్యలు చుట్టడానికి పనికొస్తుందనే చుట్టాను.

ఫోటో పంపను.

దానమ్మ


గవర్నర్‌పేట,
2 మార్చి 2007.

అక్కయ్యకు,

ఇదేం పద్ధతి? కాపాడమని నువ్వే అంటావు, దొరికాక నువ్వే వద్దంటావు. పాస్టరు గారితో గొడవపడ్డావా? పోయిన క్రిస్మస్‌కి కేకు నీ చేత కోయించకుండా రాజ్యలక్ష్మి వదిన చేత కోయించారని ఉషశ్రీ ఏదో చెప్పింది. కేకు మీద కోపం చర్చి మీద చూపించే మనిషివి కాదే నువ్వు. లేక నాన్న ఫోటో పేపర్లో పడిందని, మన ఇంటి గొప్ప చెప్పుకున్నట్టు అవుతుందనా? అంత వినయం ఎవరికీ అక్కర్లేదు అక్కా.

సరే, నీ దగ్గర దాచి నా కడుపు ఉబ్బుతోంది. చెప్పేస్తున్నాను. అచ్చుతప్పు నేనే.

కోప్పడకు. మన ఊరి చర్చి కాబట్టే చేశాను. అక్కడ నేను ఎన్నో వ్యాసాలు తీయించాను. ఎమ్మెల్యే బామ్మర్ది మీద వ్యాసం, ఒక కళ్యాణ మండపం మీద వ్యాసం. నా ఊరిది వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడని ఎవరూ అనకూడదని, మొదటి నోటీసు నేనే పెట్టాను. పేర్ల జాబితా అంటావా, చూశాను గానీ చదవలేదు. ‘1977’ అని కనబడగానే కిందికి జరిపేశాను. పదకొండో పేరు దాకా వెళ్ళలేదు.

కాగితం తీయను. కారణం చెప్పు.

చిట్టిబాబు


కొత్తరేవుపాలెం,
6 మార్చి 2007.

తమ్ముడికి,

నువ్వేనని మొదటి రోజే తెలుసు. నోటీసు పెట్టడానికి ముందు అచ్చుతప్పు అనేవాడు ఆ వ్యాసంలో పద్నాలుగు తప్పులు దిద్దాడని సత్యశ్రీ చెప్పింది. తీసెయ్యాలనుకున్న దానికి కామాలు పెట్టే మనిషి మన ఇంట్లో తప్ప ఎక్కడుంటాడు? ఎవరికీ చెప్పలేదు. చెబితే కరెంటుతో ఊరుకునేవాళ్ళు కాదు. నీ కోసం సంఘమంతా పస్తున్నారు. అది నీకు మేలే.

ఇప్పుడు రాయి సంగతి.

అరవై ఒకటిలో నాన్న, మరో నలుగురు పడవల వాళ్ళు కలిసి తాటాకు పాక వేశారు. అదే చర్చి. ఉప్పెనలో పాక లేదు, కింద నేల కూడా లేదు. మరుసటి ఏడు ఇటుకలతో కడుతున్నప్పుడు గుమ్మం ముందు మెట్టు కావాల్సివచ్చింది. కాలువ మీద నీళ్ళు ఆపే పాత లాకులు విప్పి మరమ్మతు చేస్తూ రాళ్ళు గట్టున పడేశారు. నాన్న ఒక రాయి పడవలో వేసుకొచ్చాడు. మనిషి పొడుగు రాయి. నాన్నకి అంకెలు రావు. బల్లపరుపుగా ఉంది, చాలు అన్నాడు. పైన సున్నం కొట్టారు.

తొంభై ఒకటిలో సొలొమోను గారు కొత్తగా వచ్చారు. రంగులు వేయిస్తుంటే మెట్టు అంచున సున్నం ఊడి 1892 కనబడింది. ఆయన మోకాళ్ళ మీద పడి ఏడ్చారు. శతాబ్ది అన్నారు. ఆయన చేతిలో సంఘం రిజిస్టరు లేదు, ఉన్నది రాయి ఒక్కటే. నేను చెబుదామనుకున్నాను. నాలుగు ఆదివారాలు అనుకున్నాను. చివరికి పండగ రోజు వంటపాక దగ్గర నిలబడి, ఇప్పుడు చెప్తాను అనుకునేసరికి ఆరు డేగిసాల పలావు పొయ్యి మీద ఉంది. ఏడువందల మంది కూర్చున్నారు. దమ్ము దించేదాకా ఆగుదామనుకున్నాను. పదిహేనేళ్ళు ఆగాను.

నాన్న దండ వేయించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఇంటికొచ్చేటప్పుడు అడిగాను, ఏంటి నాన్నా ఇది అని. “రాయి అబద్ధం చెప్పలేదే. మనమే దాన్ని అడగలేదు” అన్నాడు. తరవాత పలావులో ఉప్పు తక్కువైందన్నాడు.

ఆ కాగితంతో వ్యాసం నిలబడుతుంది. నాకు తెలుసు. అమ్మ పేరు దాని కింద ఉండటం నాకు ఇష్టం లేదు. పోతే పోనీ.

ఇంత పెద్ద ఉత్తరం మళ్ళీ రాయను.

దానమ్మ


గవర్నర్‌పేట,
11 మార్చి 2007.

అక్కయ్యకు,

తీసేశాను. “ఈ వార్త నమ్మదగినది కాదు, ఆ రాయి పాత లాకుది” అని చర్చలో రాశాను. “మీ దగ్గర ఆధారం ఉందా?” అన్నారు. మా అక్క చెప్పింది అని రాయలేక, లేదు అన్నాను. అబద్ధానికి అచ్చులో ఆధారం ఉంది, నిజానికి లేదు. ఇరవై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి, ఇలాంటి తప్పు ఎక్కడ గుర్తు పెట్టి దిద్దాలో తెలియలేదు. నమ్మదగిన వార్త ఒక్కటీ మిగలకపోయేసరికి ‘ఉంచాలి’ అన్న నలుగురూ వెనక్కి తగ్గారు. నిన్న వ్యాసం తొలగించారు. సత్యశ్రీకి నేనే ఫోను చేసి చెప్పాను. “మావయ్యా, మీరేనంటగా?” అని పెట్టేసింది. నువ్వు చెప్పావా? చెప్పినా న్యాయమే.

తీసే ముందు పేర్ల జాబితా మాత్రం నెట్ సెంటర్లో ప్రింటు తీసుకున్నాను. ఈసారి చదివాను. ప్రెస్సులో చదివినట్టే, ఒక్కో పేరు కింద స్కేలు పెట్టి. పదకొండో పేరు దగ్గర స్కేలు చాలాసేపు కదలలేదు. తరవాత చివరిదాకా చదివాను.

అక్కా, ఒకటి తక్కువైంది.

నువ్వప్పుడు పెళ్ళై బందరులో ఉన్నావు. నాన్న పడవ మీద ఎగువకి వెళ్ళాడు. ఉప్పెన సాయంత్రం చర్చి పాకలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనే. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, నువ్వు అడిగినా తప్పించుకున్నాను. గాలి మొదలయ్యాక గాజుల మలారం నెత్తిన పెట్టుకుని, గాజులమ్మే ఒకావిడ వచ్చింది. చివరి పడవ దిగి, తిరిగి వెళ్ళే దారి లేక. “మేం మీ వాళ్ళం కాదండీ, గుమ్మంలో కూర్చుంటానండీ” అంది. అమ్మ ఆవిడ పేరు అడిగి, “నీళ్ళకి మీవాళ్ళు మావాళ్ళు తెలుస్తుందా ఏంటి, లోపలికి రా, రావమ్మా” అని చెయ్యి పట్టుకుని లాగింది. అందుకే పేరు గుర్తు. నీళ్ళు లోపలికి వచ్చినప్పుడు నన్ను తాటిచెట్టు మీదికి ఎగదోసినవి రెండు చేతులు కావు అక్కా, నాలుగు. రెండిటికి గాజులు ఎక్కువ ఉన్నాయి.

ఆవిడ సంఘం మనిషి కాదు కాబట్టి నీ లెక్కలోకి రాలేదు. ఏ ఊరో తెలియదు, ఇంటిపేరు తెలియదు. ఏ పేపర్లోనూ లేదు. నలభై రెండోది రావమ్మ అని రాసుకో. ఆధారం ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు.

నీ తమ్ముడు
చిట్టి


కొత్తరేవుపాలెం,
20 మార్చి 2007.

చిట్టికి,

ఉత్తరం చదివాను. మోకాళ్ళ మీద ఉన్నాను కొంచెంసేపు. రావమ్మ అని ఒక్క పేరే చెప్పాను దేవుడికి. ఇంకేం అక్కర్లేదు ఆయనకి.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. ఈ చర్చి వయసు వందా పదిహేను కాదు, నలభై ఆరు, మెట్టు రాయి లాకుది, నాకు ముందునుంచీ తెలుసు అని చెప్పాను. చెప్పి కూర్చున్నాను. రాజ్యలక్ష్మి వదిన లేచి, “అయితే దానమ్మా, ఆ రోజు మనం తిన్న పలావు?” అంది. అది నిజమే వదినా అన్నాను. ఆవిడకి ఊరట కలిగింది.

సొలొమోను గారు ఆశీర్వాదం చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయారు. నిన్న పొద్దున్నే గునపం పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డారు. “అమ్మా, నేను రాయిని చూసి ఏడ్చాను. మీరు మనుషుల కోసం ఏడుస్తుంటే చూళ్ళేదు. ఆ పేర్లు ఇవ్వండి” అన్నారు. మెట్టు పీకించారు. అవనిగడ్డ నుంచి రాయి చెక్కేవాణ్ణి పిలిపించారు. వెనక వైపు నున్నగా ఉంది. నలభై రెండు పేర్లూ పడతాయట. రావమ్మ గారు మన సంఘం కాదు కదా అని ఒకరు అన్నారు. మా తమ్ముడు ఆవిడ చేతుల మీంచే వచ్చాడు అన్నాను. ఇంకెవరూ అనలేదు.

1892 చెరపనివ్వలేదు. అది లాకు పుట్టిన ఏడు. లాకు ఏం పాపం చేసింది?

చెక్కేముందు పేర్లు సుద్దతో రాస్తాడు. రాతి మీద తప్పు పడితే దిద్దేది లేదు. నువ్వు వచ్చి చదవాలి. ఈస్టరు ఏప్రిల్ ఎనిమిదిన. ముందు రోజుకి రా. ఉషశ్రీని తీసుకురా. సత్యశ్రీ నీతో మాట్లాడదు, కానీ కాఫీ ఇస్తుంది.

దానమ్మ


కొత్తరేవుపాలెం,
24 ఏప్రిల్ 2007.

చిట్టికి,

నువ్వు వెళ్ళాక రాయి నిలబెట్టారు. గుమ్మానికి కుడి పక్క. సుద్ద మీద నువ్వు దిద్దిన మూడు తప్పులూ సరిగ్గా పడ్డాయి. చివరి పేరు మీద వేలు పెట్టి నువ్వు ఎంతసేపు నిలబడ్డావో సత్యశ్రీ చూసింది. ఆ సాయంత్రమే నీకు రెండో కాఫీ ఇచ్చింది. గమనించావో లేదో.

రామకోటేశ్వరరావు గారు పేపరుకు రాశారు. “వందేళ్ళ చర్చికి నలభై ఆరేళ్ళే.” నలభై రెండు పేర్లూ వేశారు. చివర గంట సంగతి కూడా ఇరికించారు. కాగితం ఇందులో పెట్టాను. ఈసారి రొయ్యలు వేరే డబ్బాలో పంపుతున్నాను.

నిన్ను ఏమీ అడగను. నువ్వు బంధువువి, రాయకూడదని వచ్చినప్పుడు నువ్వే అన్నావు. సత్యశ్రీ ఆ వార్త చూపించి వ్యాసం మళ్ళీ పెట్టింది. మొన్న ఇంకెవరో నోటీసు తగిలించారట. ఒక్క వార్త చాలదు అని. ఈసారి కామాలు దిద్దలేదు కాబట్టి నువ్వు కాదని తెలిసింది. ఉపవాసం పెట్టుకుందామా అని రాజ్యలక్ష్మి వదిన అడిగింది. వద్దన్నాను. ఎండలు ముదిరాయి. వాడికి ఫ్యానైనా తిరగనీ.

రాయి మీద ఇంతవరకూ ఎవరూ నోటీసు అంటించలేదు. ఒక మేక మాత్రం రోజూ వచ్చి 1892 ఉన్న అంచుకి వీపు గోక్కుంటోంది. తోలను. పేర్ల వైపు రావటం లేదు.

నీ అక్క
దానమ్మ